దుర్భిక్షమును ఉమ్మడి నిధియు: మార్కాపుర సీమ చరిత్రమునుండి యొక పరామర్శ

దుర్భిక్ష మను శబ్దము వ్యాకరణరీతిఁ బరిశీలింపఁదగినది. భిక్షకుఁ గలిగిన వ్యృద్ధి, అనఁగా సమృద్ధి తొలఁగిపోవుట, యను నర్థమున నిది యవ్యయీభావ సమాసముగా సాధింపఁబడుచున్నది. సుభిక్షము దీనికిఁ బ్రతియోగి. వాన కురియకపోవుట గాని, ధాన్యము పండకపోవుట గాని యీ శబ్దమునకు సాక్షాదర్థము కాదు. అడిగినవానికిఁ బెట్టువాఁడు లేకపోవుటయే దుర్భిక్షము. క్షామ శబ్దము వేఱొక త్రోవను వచ్చినది. క్షయార్థకమగు క్షై ధాతువుపై నిష్ఠాప్రత్యయ తకారమునకు మకారము రాఁగా నేర్పడి, కృశించిన దను నర్థము నిచ్చును. ఒకటి దాతల దెసను, ఒకటి దేహముల దెసను జూచిన మాట. వానలేమి దైవాయత్తము, దేహకార్శ్యము దాని ఫలము, ఈ రెంటి నడుమ నిలిచి యా ఫలమును మాన్పఁగలిగినది భిక్ష యొక్కటియే. కావునఁ గఱవు చరిత్రము వ్రాయువారు వర్షపాతపు లెక్కలతోఁ దృప్తిపడక, ఎవరు పెట్టిరి, ఎప్పుడు పెట్టిరి, ఏ నియమమునఁ బెట్టిరి యను ప్రశ్నలను గూడ విచారింపవలసియున్నది.

ఈ ప్రశ్నలు మన పూర్వులకుఁ దెలియనివి కావు. 1905వ సంవత్సరమున మైసూరులో ఆర్. శామశాస్త్రిగారికి లభించి, 1909లో ముద్రితమైన కౌటలీయార్థశాస్త్రమున నీ విషయము రెండు తావుల వచ్చినది. కోష్ఠాగారాధ్యక్షుని ప్రకరణమున, చేరిన సరకులలో సగము జానపదుల యాపదలకై నిలిపి, తక్కిన సగమునే వాడుకొనవలయు నని విధి. ఉపనిపాత ప్రతీకార ప్రకరణమున అగ్ని, జలము, వ్యాధి, దుర్భిక్షము మొదలగు నెనిమిది మహాభయములు పేర్కొనఁబడినవి. అందు దుర్భిక్షమునకుఁ జెప్పిన ప్రతీకారములు క్రమముగా నున్నవి: ప్రజకు విత్తనములు, అన్నము ఇచ్చుట, కోటలు, సేతువులు మున్నగు పనులు కల్పించి యా పనిపై నన్నము పెట్టుట, ఉన్న యన్నమును పంచుట, దేశమును మఱొకరి కప్పగించుట, మిత్రరాజుల నాశ్రయించుట, ధనవంతులు దాఁచినదానిని గ్రక్కించుట. ఇన్ని యుపాయములలో మొదటిది విత్తన మగుటయు, మిత్రాశ్రయమును బేర్కొనుటయు గమనింపఁదగినవి. కఱవు తీఱుట యనఁగా నాఁటి యాఁకలి తీఱుట మాత్రమే కాదనియు, ఒక్క రాజ్యపు బొక్కసమే చాలని యాపద లుండు ననియు శాస్త్రకర్త యెఱింగియుండెను.

ఈ రెండు తావులనుండి యొక విభాగము సిద్ధించుచున్నది. సంచయము నిత్యకర్మ, వినియోగము నైమిత్తికకర్మ. నిమిత్తము కలిగినప్పుడు చేయఁదగిన దానమునకు సాధనమును మాత్రము నిమిత్తమునకుఁ బూర్వమే సిద్ధముగా నుంచవలయును. సంచయమును గూడ నైమిత్తికముగా జేసి, ఆపద వచ్చిన పిమ్మట జోలె పట్టినచో నేమి యగునో, మార్కాపుర సీమయందును దానిఁ జేరిన కర్నూలు మండలమునందును నడచిన యొక ఘోరచరిత్రము చూపుచున్నది.

మార్కాపురము, కంభము, గిద్దలూరు - ఈ మూఁడును నల్లమల కొండలకుఁ దూర్పున నున్న మెట్టసీమలు. చెన్నకేశవస్వామి యాలయమువలనను, పలకరాతివలనను మార్కాపురము ప్రసిద్ధము. నల్లమలలోఁ బుట్టిన గుండ్లకమ్మ యీ సీమకు జీవనది; కంభముకడఁ గొండలనడుమ దాని కడ్డముగాఁ గట్టిన చెఱువు విజయనగరరాజుల కాలపుఁ బనియనియు, గజపతిరాజపుత్రి వరదరాజమ్మ కట్టించె ననియుఁ బ్రసిద్ధి. ఈ చెఱువు 2020వ సంవత్సరమున నంతర్జాతీయ సంఘమువారి ప్రాచీన నీటిపారుదల కట్టడముల పట్టికయందుఁ జేరినది. అయినను చెఱువు తడుపునది కొంత నేలనే. తక్కిన పొలమంతయు జొన్న, కొఱ్ఱ, సజ్జ, ఆముదములతో నాకాశము వంకఁ జూచునట్టిది. 1858వ సంవత్సరమునఁ గర్నూలు మండల మేర్పడునపుడు కంభము మున్నగు సీమలు కడప మండలమునుండి దానిలోఁ గలుపఁబడెను. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువఱకు మార్కాపురపు కష్టసుఖము లన్నియుఁ గర్నూలు లెక్కలలోనివే.

ధాతకుఁ బూర్వము రెండు కఱవులను స్మరింపవలయును. మొదటిది మార్కాపురమునకుఁ దూర్పున నానుకొనియున్న గుంటూరు మండలమును నాశన మొనర్చిన నందన సంవత్సరపుఁ గఱవు, 1832-33. ఆ మండలజనమున నించుమించు మూఁడవవంతు నశించిరి. దొరతనమువా రప్పటికిఁ గఱవు తమ బాధ్యత యని యంగీకరింపలేదు. తరువాత ధవళేశ్వరముకడ గోదావరికిని (1847-52), బెజవాడకడఁ గృష్ణకును (1852-55) ఆనకట్టలు లేచి పల్లపుసీమ లా భయమునుండి చాలవఱకు విముక్తములయ్యెను. ఎగువనున్న మెట్టసీమల కట్టి రక్షణము కలుగలేదు. రెండవది 1866వ సంవత్సరపుఁ గఱవు. అప్పుడు కర్నూలు మండలమందలి ఉయ్యాలవాడ గ్రామవాసియగు బుడ్డా వెంగళరెడ్డి తన గాదెల ధాన్యమును వెలికిఁదీసి వేలకొలఁది యన్నార్తులకు వండి పెట్టించెను. విక్టోరియా రాణి పేర నతనికిఁ బతక మొసఁగఁబడెను. జనులు పాటలు కట్టి పాడుకొనిరి. ఆ దానము నిరుపమానము. కాని యాలోచింపఁగా, అది యొక్కని గాదెల లోఁతునకు లోఁబడినది. అతని గాదెలకుఁ జేరువనున్న వారు బ్రదికిరి. నల్లమలకు నీవల నున్నవారి కట్టి గాదె యెక్కడ? ఒక్కని ధర్మముపై నాధారపడిన దేశమునకు, ఆ యొక్కఁడు లేని యూర నేమి దిక్కను ప్రశ్న నిలిచియే యుండెను.

దాని కుత్తరము పదేండ్లలోఁ దెలిసినది. 1876వ సంవత్సరమున, అనఁగా ధాత సంవత్సరమున, నైరుతి ఋతుపవనమును ఈశాన్య ఋతుపవనమును రెండును విఫలములయ్యెను. మఱుసటి యీశ్వర సంవత్సరమున వానలు సెప్టెంబరువఱకు సరిగాఁ గురియలేదు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు కఱవునోటఁ బడెను. కర్నూలు మండలమున నినుపదారి లేదు. బండ్ల నీడ్చు నెద్దులు మేఁత లేక చచ్చెను. కావున చెన్నపట్టణపు రేవులోఁ దిగిన ధాన్యము లోపలి తాలూకాలకుఁ జేరుట కష్టమయ్యెను. 1871వ సంవత్సరపు జనగణనమునఁ గర్నూలు మండల జనసంఖ్య తొమ్మిది లక్షల పైచిలుకు. 1881వ సంవత్సరమున నది యేడులక్షలకు లోఁబడినది. మండలమున నాల్గవవంతు కొఱవడిరి. అందఱును జచ్చిరని కాదు, దేశాంతరము పోయినవారును గలరు. కాని మరలివచ్చి తమ పొలములఁ జేరనివారు జనగణన మెఱిఁగినంత మట్టుకు లేనివారే. దక్షిణదేశ మంతటను, ఆంగ్లపాలితభాగముననే, అర్ధకోటికి మించిన జనము మృతిచెందిరని గణింపఁబడినది.

ఆ కాలమున దొరతనమువారి చేతులలో రెండు కార్యములు ముందుగా నుండెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో లార్డు లిట్టను మహాసభ చేయించి విక్టోరియా రాణిని జక్రవర్తినిగాఁ బ్రకటించెను. ఆ జనవరియందే సర్ రిచర్డు టెంపుల్ క్షామప్రతినిధిగా దక్షిణమునకుఁ బంపఁబడి, వ్యయము తగ్గింపవలయు నను నుద్దేశమున, పనిచేయు పురుషునికి దినమున కొక రాత్తలు ధాన్యమునకు సరిపడు కూలియు, దానిపైఁ గొలఁదిపాటి చిల్లరయుఁ జాలునని నిశ్చయించెను. మట్టి త్రవ్వి మోయు కూలివాని కది చాలదని చెన్నపట్టణపు టారోగ్యశాఖాధిపతి డాక్టరు కార్నిషు వాదించెను. ఆ వాద మొకవంకనుండఁగా, శిబిరములలో జనులు చిక్కి చచ్చిరి. 1877 మార్చిలో ధాన్యము కొంత హెచ్చింపఁబడి, పప్పుదినుసు చేర్పఁబడెను. ధాన్యముతోఁ బాటు పప్పు కావలయునని గ్రహించుట కిన్ని ప్రాణములు వ్యయము కావలసివచ్చినది.

ఈ దశలో నుమ్మడి నిధి పుట్టినది. 1877 ఆగస్టు 4వ తేదీన చెన్నపట్టణమున మహాసభ కూడెను. గవర్నరగు బకింగుహాము ప్రభు వధ్యక్షుఁడు. లండను, ఎడింబరో, డబ్లిన్, మాంచెస్టరు మున్నగు నగరముల మేయరులకుఁ దంతివార్తలు పంపఁబడెను. లండను లార్డు మేయరగు సర్ థామస్ వైటు తన మందిరమగు మాన్షన్ హౌసులో నిధి తెఱచెను. రాజప్రతినిధికిఁ దెలుపకయే జరిగిన యీ యత్నము మొదట లార్డు లిట్టనుకు రుచింపలేదు. అయినను ధనము వెల్లువగా వచ్చెను. ఆంగ్లదేశము, స్కాట్లండు, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు - అన్నిటినుండియుఁ గూడినది సుమారు ఏడెనిమిది లక్షల పౌనులు. పనివారును, చర్చిలవారును, పాఠశాలల పిల్లలును దమకుఁ దోఁచినంత యిచ్చిరి. చెన్నపట్టణపు కార్యనిర్వాహక సంఘమునకుఁ గార్యదర్శిగానున్న పత్రికాధిపతి విలియం డిగ్బీ యీ కథనంతయు 1878లో రెండు సంపుటములుగాఁ బ్రకటించెను.

ఈ దానమునకుఁ బూర్వచరిత్ర కలదు. 1846వ సంవత్సరమున నైర్లండున ఉర్లగడ్డపైరు చీడ పట్టి జనులు చచ్చుచుండఁగాఁ గలకత్తాలోఁ జందా లెత్తి ఐర్లండునకుఁ బంపిరి. అందు సిపాయిల చందాలును గలవు. 1862-63లో నమెరికా యంతర్యుద్ధముచే ప్రత్తి రాక లాంకషైరు నేతపనివా రుపవాసము లుండఁగా వారి సహాయనిధికి భారతదేశమునుండియు ధనము పోయినది. ఆ డబ్లిన్, ఆ లాంకషైరు పట్టణములే 1877లో దాతలైనవి. నాఁడు గ్రహీత నేఁడు దాత. నేఁటి దాత యెల్లుండి గ్రహీత కావచ్చును. ఇది యనుగ్రహము కాదు, ఋణానుబంధము. స్మృతులలో వ్యవహారపదముల నడుమఁ జెప్పఁబడిన సంభూయసముత్థానము, అనఁగాఁ గలిసి లేచుట, వర్తకభాగస్వామ్యమునకుఁ జెప్పినది. ఆపదలయందు జనపదములకును నది వర్తించును.

నిధిధనము నేమి చేసిరి? ఇందే దాని విశేషము గలదు. కూలి పనులును, శిబిరములును దొరతనము పని. నిధి దానికిఁ దోడు కాక, దొరతనమువారు చేయనిదానిని జేయవలయు నని నియమము. అనాథబాలకులకు, పనిచేయఁజాలని వృద్ధులకు, బిచ్చమెత్తఁ జాలక గడప దాఁటని గౌరవకుటుంబముల స్త్రీలకు సాయము, గుడ్డలేనివారికి గుడ్డ, వానలు పడిన పిదప, విత్తనము తిని బ్రదికిన రైతునకు విత్తనములకును, ఎద్దును గోల్పోయినవానికి నెద్దునకును, ఇంటి కప్పునఁ దాటియాకును దూలములును నమ్ముకొన్నవానికి నిల్లు కప్పుకొనుటకును ధనము. కౌటల్యుఁడు మొదట నిలిపిన విత్తనమును మాన్షన్ హౌసునిధి చివర నిచ్చినది, ఇచ్చుటయే మంచిది. విత్తు లేక మరలివచ్చిన రైతునకు వాన యేమి ప్రయోజనము?

అయినను లోపము దాఁచరానిది. సభ కూడిన 1877 ఆగస్టునాఁటికిఁ గఱవు మొదలై పదినెలలు దాఁటినవి. నవంబరునాఁటికి నిఁకఁ జాలునని విజ్ఞప్తి పోయి, నిధి మూయఁబడెను. దానముఖ మట్లు తెఱచియుండినది మూఁడు నాలుగు నెలలు మాత్రమే. జనులు పలువురు చచ్చిన నెలలు దానికి ముందే కొన్ని గడచెను. దాతల హృదయమున లోపము లేదు. వారికిఁ దెలుపుట యాలస్యమైనది, తెలిపినపిదప ధనము కూడుట కొంత, మండలమునుండి తాలూకాకుఁ జేరుట కొంత. నైమిత్తికముగాఁ గూర్చిన సంచయమునకు నిది సహజదోషము. పిలుపు విన్న క్షణమున లేచిన యౌదార్యమునకును, పిలుపు పుట్టునంతలోఁ జచ్చిన ప్రాణములకును నడుమ నున్న దూరమే యా దోషము.

మఱొక దోషము శర్తు. ఆకలిగొన్నవానికిఁ బెట్టువాఁడు దాని మూలమునఁ దన కోరిక యేదైన నెఱవేర్చుకొనునేమో యను శంక యా కాలమునఁ బెక్కు చోట్లఁ గలిగెను. ఒంగోలు బాప్టిస్టు మిషనరి జాన్ క్లౌ యా శంక నెఱిఁగి చేసిన యొక పని స్మరణీయము. అతఁడు గవర్నరు పేర బకింగుహాము కాలువయనఁ బరఁగు తీరపుఁ గాలువలో మూఁడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకుఁ దీసికొని పనులిచ్చెను. ఆతని మిషను కార్యక్షేత్రము కంభము, మార్కాపురపు దెసలవఱకు వ్యాపించియుండెను. సహాయధనము చేత నున్నంతకాల మాతఁడు బాప్తిస్మము లిచ్చుట నిలిపి, కఱవు తగ్గిన పిమ్మటనే 1878 జూలైలో మరల నారంభించెను. అన్నమునకై మతమును గొనిరను మాట రానీయకుండుట కది. మతవిషయమున నభిప్రాయభేద మున్నవారును గ్రహింపవలసిన నీతి యొకటి యిందుఁ గలదు: ఆపద సాయమునకు వెనుక నింకొక బేరము నిలువరాదు.

ఇంతవఱకు దానము. పిదప శాసనము. సర్ రిచర్డు స్ట్రాచీ యధ్యక్షుఁడుగా నియమింపఁబడిన క్షామవిచారణసంఘము 1880లో నివేదిక సమర్పించెను. దానింబట్టి 1883లో క్షామనిబంధనము లేర్పడెను. ఏ లక్షణములు కన్పడినప్పుడు పరీక్షాకర్మలు మొదలిడవలయునో, కూలి యెంతయో, వెట్టి లేక యిచ్చు నన్నమున కెవ రర్హులో ముందే వ్రాసిపెట్టుట యప్పటికి నూతనము. దీనికంటె ముందే 1877 డిసెంబరులోఁ గోశాధికారి సర్ జాన్ స్ట్రాచీ ప్రతియేఁట కోటి యేఁబది లక్షల రూపాయలు కఱవునకై విడిగా నుంచెద మనియు, దాని పేరు క్షామభీమా యనియుఁ బ్రకటించెను. అందులకై 1878లో వర్తకులపై, వృత్తులవారిపై లైసెన్సు పన్నును, ఉత్తరదేశమున భూమిపై సెస్సును విధింపఁబడెను. ధాతేశ్వర క్షామమునఁ జావు దప్పిన యీ దేశపు వర్తకుఁడే యీ పన్ను కట్టెను. అన్నము తినకముందే మఱుసటి యన్నమునకై కట్టినట్టు లిది.

ఇట్లు సంచయము నిత్యమైనది. అయినను నిత్యమని చెప్పుటయు, నిత్యముగాఁ జేయుటయు వేఱు. 1878లో నఫ్ఘనుయుద్ధము మొదలయ్యెను. 1879-80లో క్షామభీమాధనము నాఁపుచేసి యితర వ్యయములకుఁ బోనిచ్చిరి; 1881లోఁ గాని మరల నుద్ధరింపలేదు. పన్ను కఱవుపేర వసూలయ్యెను. ధనము కాబూలు దారిఁ బట్టినది. ఆంగ్లదేశపుఁ బార్లమెంటునందే దీనిపై నింద వినవచ్చెను. నిధి యుండుట చాలదు. దానికిఁ దాళము వేయు నియమము కావలయు నని కర్నూలు మండలపు రైతున కన్నిటికంటె హెచ్చుగాఁ దెలిసినది.

ఉద్ధరింపఁబడిన పిదప నా నిధియు దాని తరువాతి లెక్కలును కొంత మేలు చేసెను. రక్షణార్థ మినుపదారులు వేయుట కారంభమైనది. బళ్లారినుండి కృష్ణవఱకు నల్లమల నడుమఁ జొచ్చి సాగిన బళ్లారి-కృష్ణా రైలుమార్గ మట్టిది. నంద్యాల, గిద్దలూరు, కంభము, మార్కాపురము, దొనకొండ, వినుకొండల మీఁదుగా బెజవాడదిక్కునకుఁ బోవు నీ దారి 1880ల దశాబ్దమున నిర్మింపఁబడెను. కృష్ణా మండలపు ధాన్యము కఱవు మండలములకు వేగముగాఁ జేరవలయు నన్నదే దాని ప్రయోజనము. 1877లో బండ్లదారి నెద్దులు చచ్చి నిలిచిన ధాన్యమును, ఆ మీఁద యంత్రము లాగసాగెను. మార్కాపురము రోడ్డు స్టేషనులో నిలిచి చూచువానికిఁ బట్టాలుగాఁ గన్పడునది వాస్తవముగా నొక క్షామశిక్షయొక్క జ్ఞాపకచిహ్నము. ఇదియే చందాధనమునకును నిధిధనమునకును భేదము: చందాధన మొకసారి తిని తీఱును, నియతనిధి యొక పనిగా నేలపై నిలుచును.

1896-97, 1899-1900 సంవత్సరములఁ గఱవులు వచ్చినప్పుడు చందానిధి మరల లేచెను. 1897లో దాని వినియోగమునకు నాలుగు ప్రయోజనము లేర్పఱచిరి. ప్రభుత్వ మిచ్చు నన్నముపై నదనపు సౌకర్యములు, అనాథల పోషణము, గౌరవస్థుల నిగూఢసాయము, రైతునకు విత్తనములు, ఎద్దులు. 1877 పాఠ మిందుఁ గనఁబడుచున్నది. 1900లో జయపురాధీశుఁడు పదునైదు లక్షల రూపాయ లిచ్చి శాశ్వతముగా నుండునట్లు భారతజనక్షామనిధిని స్థాపింపఁజేసెను. దానికి వడ్డీయే వ్యయము, మూలము నిత్యము. ఆపద రాకముందు కూర్చిన ధర్మము దేశీయుల చేతితో నీ రూపమున వచ్చినది.

స్వాతంత్ర్యానంతరము విచార మింకొక మలుపు తిరిగినది. తొమ్మిదవ ఆర్థికసంఘము సూచనచే 1990లో ప్రతి రాష్ట్రమునకు విపత్తుసహాయనిధి యేర్పడెను. అప్పటి నియమముచొప్పునఁ గేంద్రము నాలుగింట మూఁడు పాళ్లు, రాష్ట్ర మొక పాలు చేర్చుచుండెను. ఆపద రాకముందే ధనము కూడును. 2005వ సంవత్సరపు విపత్తునిర్వహణ శాసనము దీనికిఁ జట్టరూపము గల్పించెను. ఇప్పుడా నిధులు రాష్ట్రస్థాయిని, జాతీయస్థాయిని నున్నవి. 1878లో పేరునకు మాత్రము నిలిచిన క్షామభీమా, నూటపండ్రెండేండ్లకు లెక్కలు గల నియమముగా నిలిచినది. ఒక రాష్ట్ర మాపదఁ బడినప్పు డితరరాష్ట్రములవారి పన్ను దానికిఁ జేరుట యిందుఁ బరమార్థము. దూరదేశపు డబ్లిన్ 1877లో దయచేఁ జేసినది, ఇక్కడ నియమముచే జరుగుచున్నది.

ఇట్టి విచారమే యితరఖండములయందును జరుగుచుండుట పరిశీలింపఁదగును. 2002 ఆగస్టులో మధ్యైరోపమున నెల్బ, డాన్యూబ్, వ్లతావా నదులు పొంగి డ్రెస్డెన్, ప్రాగ్ మున్నగు నగరములు మునిఁగెను. అదివఱకు ఐరోపా సమాజమున కిట్టి యాపదల కేర్పడిన నిధి లేదు. మూఁడు నెలలలోఁగా, నవంబరులో, ఐరోపా సౌహార్దనిధి శాసన మయ్యెను. మొదటి విడతలో జర్మనీకి 44 కోట్ల 40 లక్షల యూరోలును, ఆస్ట్రియాకు 13 కోట్ల 40 లక్షలును, చెక్ దేశమునకు 12 కోట్ల 90 లక్షలును, ఫ్రాన్సునకు 2 కోట్ల 10 లక్షలును చేరెను. ఇందు రెండు విశేషములు గలవు. మొదటిది, చెక్ దేశ మప్పటికి సభ్యరాజ్యము కాదు, 2004లోఁ జేరినది. లోపలికి వచ్చుటకు దరఖాస్తు పెట్టుకొన్న దేశమును గూడ ఆపదలోఁ దమవారిగాఁ జూచిరి. రెండవది, ఎక్కువ యిచ్చు దేశమగు జర్మనీయే మొదటి గ్రహీత. ధనికుఁడు గ్రహీత యగుట యుమ్మడి నిధికిఁ బరువు నిచ్చును. ఇచ్చుటలోఁ దేడా యున్నను, పుచ్చుకొనుట యవమానము కాదని దానిచే నందఱును నేర్చుకొందురు. 2016-17లో నిటలీ భూకంపముల పిమ్మట దాదాపు 120 కోట్ల యూరోలు చేరెను. అంతవఱకు నా నిధి యిచ్చిన వానిలో నిది మిక్కిలి పెద్దది.

ఈ యేర్పాటు నిర్దోషము కాదు. నిధి రహదారులు, వంతెనలు, నీటిగొట్టములు మున్నగు సర్వసాధారణ వస్తువుల పునరుద్ధరణకు, తాత్కాలికపు టిండ్లకు, రక్షణకార్యములకు వ్యయింపఁబడును. గృహస్థుని సొంతనష్టము దానికి విషయము కాదు. ధనము చేతి కందుటకు నెలలు పట్టును. 2020 మార్చిలో మహమ్మారి ఇటలీఁ గ్రమ్మినప్పుడు ముఖాచ్ఛాదనములకై వారు తోటిరాజ్యముల నర్థింపఁగా మొదట నెవ్వరును వెంటనే పంపలేదు. 1877 ఆగస్టువఱకు నిలిచిన చెన్నపట్టణపుఁ బిలుపు వంటిదే యది. పిదప నా 2020లోనే సౌహార్దనిధిని మహమ్మారులకును వర్తింపఁజేసి, జూలైలో సభ్యరాజ్యముల యధిపతు లుమ్మడిగా ఋణ మెత్తుటకు సమ్మతించిరి. 2018 ధరలలెక్కను 75 వేల కోట్ల యూరోలు. అందు 39 వేల కోట్లు తిరిగి చెల్లింప నక్కఱలేని సహాయము. ఐరోపావారు మొదట జాప్యమును గని, పిమ్మట నియమమును గట్టిరి. కర్నూలు మండలమువలెనే వారును ఆపదనుండియే నేర్చికొనిరి. నేర్చుట కక్కడఁ బట్టినది నెలలు, ఇక్కడఁ బట్టినది శతాబ్దికి మించిన కాలము.

ఇన్నింటి సారము మూఁడు మాటలలో నిలుచును. ఒకటి, సంచయము నిత్యము కావలయును. ఈశ్వర సంవత్సరమునఁ గర్నూలు మండలమునకు వచ్చిన దానము గొప్పది, ఆలస్యమైనది. రెండు, నిధి యితరమునకుఁ బోరాదు. 1879-80 నాఁటి మళ్ళింపు దానికి దృష్టాంతము. మూఁడు, గ్రహీత భిక్షుకుఁడు కాఁడు, భాగస్వామి. డబ్లిన్, లాంకషైరు, చెక్ దేశము - ఇవి యా మాటకు సాక్షులు. ఈ మూఁటిలో నేది లోపించినను దుర్భిక్ష శబ్దమున సూచితమైన వ్యృద్ధి మరల కలుగును. అప్పుడు వానలు కురిసియును భిక్ష యుండదు.

ఇంతవఱకుఁ జెప్పినదానిచే బుడ్డా వెంగళరెడ్డివంటి మహనీయుల ధర్మమునకు లాఘవము కలుగదు. ఎప్పుడును నియమమునకుఁ బూర్వము ధర్మము నడచును. ఆ ధర్మమును జూచి యితరులు నియమము వ్రాయుదురు. ఉయ్యాలవాడ గాదెల తలుపులు తెఱచిన చేయి, నిధినియమము వ్రాసిన చేతికి ముందుండినది. కంభముచెఱువు కట్ట కట్టించినవారికి నేటి లెక్కలు తెలియవు. కాని యాపద రాకముందే నీరు నిలిపిన వారు వారు. పాఠశాలలలో దుర్భిక్ష శబ్దమునకు సాధుత్వము చెప్పునప్పుడు, ధాతేశ్వర సంవత్సరములఁ గర్నూలు మండలమునఁ గొఱవడిన నాల్గవవంతు జనమును, వారికిఁ బెట్టఁజూచి యాలస్యమైన దూరదేశపు దాతలను, పిమ్మటఁ బుట్టిన నియమములను గూడఁ జెప్పినచో, సమాసము సార్థకముగా విద్యార్థి హృదయమున నాటుకొనును.